కుటుంబ ప్రార్థనలో పిల్లలకు పేదల పట్ల కనికరం నేర్పడం ఎలా? ఆరు వారాల పద్ధతి

చాలా క్రైస్తవ ఇళ్లలో రాత్రి ప్రార్థన చివర ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "ప్రభువా, బీదలను, అనాథలను, విధవరాండ్రను జ్ఞాపకం చేసుకో తండ్రీ." ఆమేన్ అనుకుని, తిన్న కంచాలు సింకులో వేసి పడుకుంటాం. తెల్లారి ఆ కంచాలు తోమడానికి వచ్చే ఆమె విధవరాలే కావచ్చు. కానీ ఆమె పేరు మన ప్రార్థనలో ఎప్పుడూ రాదు. రాత్రి మనం దేవుడితో అన్న మాట, ఉదయం ఆమెతో మాట్లాడే తీరు పిల్లలు చూస్తూనే ఉంటారు. ఈ రెంటికీ పొంతన లేకపోతే వాళ్లకు అబ్బేది ఉదయం చూసిందే.

అందుకే ఈ పద్ధతిలో ప్రతి వాక్యభాగానికీ ఆ వారంలోనే చేయాల్సిన పని ఒకటి ఉంటుంది. ఆ పని ఎదుటి మనిషి గౌరవాన్ని కాపాడేలా ఉండాలి. లెంటు కాలం పాటించే సంఘాలవాళ్లు భస్మ బుధవారం తర్వాతి ఆదివారం మొదలుపెడితే ఈస్టర్ నాటికి ఆరు వారాలు సరిపోతాయి. మిగతావాళ్లు ఏ నెలలో మొదలుపెట్టినా ఫరవాలేదు. క్రిస్మస్ నెల మాత్రం వద్దంటాను. అప్పుడు అందరూ దుప్పట్లు, కేకులు పంచుతూనే ఉంటారు, పిల్లలకు పేదలు పండగ ఏర్పాట్లలో ఒక భాగంలా కనిపిస్తారు.

ముందుగా పెద్దవాళ్లు చేయాల్సింది

పిల్లల్ని కూర్చోబెట్టకముందే భార్యాభర్తలిద్దరూ ఒక కాగితం తీసుకుని మన ఇంటికోసం ఎవరెవరు కష్టపడుతున్నారో రాయండి. గిన్నెలు తోమే ఆమె, వాచ్‌మన్, చెత్త బండి అతను, ఇస్త్రీ చేసే ఆయన, పేపరు కుర్రాడు, పిల్లల్ని బడికి తీసుకెళ్లే ఆటో డ్రైవర్. ఊళ్లో ఉంటే పొలానికి వచ్చే కూలీలు, గేదెలు కాసే అతను. పేరు ఎదురుగా ఎంత ఇస్తున్నామో, ఏ తేదీన ఇస్తున్నామో రాయండి. పేరే తెలియని వాళ్లుంటే, వాళ్ల పేరు అడిగి తెలుసుకోవడమే మొదటి పని.

తర్వాత మూడు విషయాలు సరిచేసుకోండి. జీతం ఒకటో తేదీన, అడిగించుకోకుండా ఇవ్వాలి. పనామెకు జ్వరం వచ్చి నాలుగు రోజులు రాకపోతే ఆ డబ్బు కోయకూడదు. మన ఆఫీసులో మనకు సిక్ లీవు ఉంది కదా. మూడోది గ్లాసు. చాలా ఇళ్లలో పనామెకు టీ ఇచ్చే గ్లాసు వేరుగా కిటికీలో ఉంటుంది. రెండు గ్లాసుల పద్ధతి పేరుతో టీకొట్టు బయట నిలబెట్టిన అవమానం మన తాతల్లో చాలామంది పడ్డారు. వాళ్ల మనవళ్ల ఇంట్లోకి, బైబిలు వాక్యం క్యాలెండరు కింద ఉన్న కిటికీలోకి ఆ గ్లాసు రాకూడదు. యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, మాసిన బట్టలవాడికి పాదపీఠం దగ్గర చోటు చూపించినవాళ్లను ఎంత గట్టిగా నిలదీశాడో చదివితే ఈ గ్లాసు సంగతి ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

ఇవి సరిచేసుకోకుండా పిల్లలకు పాఠం మొదలుపెట్టకండి. పదేళ్లు దాటిన పిల్లలు తేడా ఇట్టే పసిగడతారు.

రోజూ ఎలా కూర్చోవాలి

ఇరవై నిమిషాలు చాలు. భోజనం అయ్యాక, టీవీ కట్టేసి, ఫోన్లు పక్క గదిలో పెట్టి కూర్చోండి. ఒక కీర్తన, ఒక వాక్యభాగం, ఒక ప్రశ్న, ప్రార్థన. వారమంతా ఒకటే భాగం చదవండి. రోజుకో కొత్త అధ్యాయం చదివితే పిల్లల మనసులో ఏదీ నిలవదు.

ఇంగ్లిష్ మీడియం పిల్లలకు మన బైబిలు తెలుగు కష్టంగా ఉంటుంది. దానికి టెన్షన్ పడొద్దు. ఒకరు గ్రంథంలో ఉన్నది ఉన్నట్టు చదవాలి, మరొకరు అదే కథను ఇంట్లో మాట్లాడే తెలుగులో చెప్పాలి. నాయనమ్మో అమ్మమ్మో ఉంటే రెండో పని వాళ్లకే ఇవ్వండి. రెండో రోజు పిల్లలు తిరిగి చెప్పాలి, చిన్నవాళ్లయితే వేషాలు వేసి చూపించాలి. మూడో రోజు "మన వీధిలో ఇది ఎక్కడ కనిపిస్తుంది?" అని అడగాలి. నాలుగో రోజు ఏం చేయాలో అందరూ కలిసి నిర్ణయించాలి. శనివారం లోపు ఆ పని జరగాలి, ఆదివారం రాత్రి దాని గురించి మాట్లాడుకోవాలి.

ప్రార్థనలో "పేదలందరినీ" అనకుండా ఒక్కరి పేరు, ఒక్క అవసరం చెప్పండి. "ఇస్త్రీ తాత కంటి ఆపరేషను బాగా జరగాలి" అని ఏడేళ్ల పిల్ల ప్రార్థిస్తే, మర్నాడు ఆ తాత కనిపించగానే తానే ఆగి అడుగుతుంది. అయితే ఎవరైనా నమ్మి చెప్పుకున్న కష్టాన్ని పిల్లల ముందు ప్రార్థన పేరుతో బయటపెట్టకండి. తాగుబోతు భర్త, అప్పులు, ఇంటి గొడవలు లాంటివి భార్యాభర్తలు విడిగా ప్రార్థించాల్సినవి.

మొదటి వారం: మన ఇంటి కథ (ద్వితీయోపదేశకాండము 26:1–11)

అన్నిటికన్నా ముఖ్యమైన వారం ఇదేనని నా నమ్మకం, తొందరపడకండి. ఇశ్రాయేలీయుడు మొదటి పంటను గంపలో తెచ్చి యాజకుడి ముందు పెట్టి, దేవుడి ఎదుట తన వంశం కథ చెప్పాలి. మా పితరుడు దిక్కులేనివాడిగా ఐగుప్తుకు వెళ్లాడు, అక్కడ మమ్మల్ని బాధపెట్టారు, మా చేత కఠిన దాస్యం చేయించారు, మేము మొరపెడితే దేవుడు విన్నాడు అని చెప్పాలి. కథ చెప్పాకే లేవీయుడితో, పరదేశితో కలిసి సంతోషించాలి.

మన ఇళ్లలో ఈ కథ చెప్పడం మానేశాం. పట్నానికి వచ్చి, ఉద్యోగం వచ్చి, ఫ్లాటు కొన్నాక తాత పాలేరుగా చేశాడని, నాయనమ్మ నాట్లకు వెళ్లిందని, నాన్న సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండి చదివాడని, మిషన్ ఆసుపత్రిలో ఉచితంగా వైద్యం అందిందని పిల్లలకు చెప్పడానికి సిగ్గుపడుతున్నాం. ఈ కథ తెలియని పిల్లలకు పేదవాళ్లంటే వేరే జాతి మనుషులు. తెలిసిన పిల్లలకు వాళ్లు తాతలాంటివాళ్లు. అంతకన్నా దగ్గరి బంధం ఏ పాఠమూ నేర్పదు.

ఈ వారం పని: ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి పిల్లల చేత ప్రశ్నలు అడిగించండి. మీ చిన్నప్పుడు ఏం తినేవాళ్లు? కూలి ఎంత ఇచ్చేవాళ్లు? ఆకలేసిన రోజులున్నాయా? అప్పుడు ఎవరు ఆదుకున్నారు? ఎవరు అవమానించారు? పెద్దవాళ్లు ఊళ్లో ఉంటే వీడియో కాల్ చేయండి. చెప్పింది ఒక నోటుబుక్కులో పిల్లలే రాయాలి. మీ ఇంట్లో తరతరాలుగా భూమి, చదువు ఉన్నాయా? అయితే ఆ పొలంలో ఎవరు దున్నారో, వాళ్లకు ఏం ముట్టిందో కూడా ఆ పుస్తకంలో రాయించండి. అది రాయడం కష్టమే, కానీ రాయాలి.

రెండో వారం: గుమ్మం దగ్గర మనిషి (లూకా 16:19–31)

ధనవంతుడి కథలో ధనవంతుడికి పేరు లేదు, వాకిట్లో పడి ఉన్న దరిద్రుడికి ఉంది. పిల్లలను ఆ రెండు పేర్లూ చెప్పమనండి, వాళ్లే కనిపెడతారు. ధనవంతుడు లాజరును కొట్టలేదు, తిట్టలేదు, తరిమేయలేదు. రోజూ దాటుకుని వెళ్లాడు, అంతే. ఈ ఒక్క విషయం పిల్లలకు అర్థమైతే చాలు.

పని: మొదట రాసిన కాగితంలో ఉన్నవాళ్లను పిల్లలు వరసపెట్టి పిలవడం మొదలుపెట్టాలి. అక్కా, అన్నా, పెద్దమ్మా, తాతా, ఏదైనా సరే. వయసులో పెద్దవాళ్లను "నువ్వు" అనకూడదు. మన ఊళ్లలో ఆరేళ్ల పిల్లలు అరవై ఏళ్ల వాచ్‌మన్‌ను "ఏయ్, గేటు తియ్" అనడం వింటూనే ఉన్నాం. ఈ వారంతో అది ఆగాలి.

మూడో వారం: కూలి (మత్తయి 20:1–16, ద్వితీయోపదేశకాండము 24:14–15)

ద్రాక్షతోట యజమాని ఉదయం, పగటి మూడో గంటకు, ఆరో గంటకు, తొమ్మిదో గంటకు, చివరికి పదకొండో గంటకు సంత వీధికి వెళ్తాడు. మన లెక్కలో పదకొండో గంట అంటే సాయంత్రం అయిదు. ఇంకా నిలబడి ఉన్నవాళ్లను ఎందుకని అడిగితే "ఎవడును మమ్మును కూలికి పెట్టుకొనలేదు" అంటారు.

పేదవాళ్లు సోమరులనే మాట పిల్లలు ఎక్కడో ఒకచోట వింటారు. దానికి ఈ ఉపమానం కన్నా మంచి జవాబు నాకు కనబడలేదు. వాళ్లను ఒక ఉదయం ఏడింటికి మీ ఊళ్లో కూలీల అడ్డా దగ్గరికి తీసుకెళ్లండి. హైదరాబాదు, విజయవాడ, వరంగల్, ఏ ఊళ్లో చూసినా ఏదో ఒక సెంటర్లో అన్నం క్యారియర్ చేతిలో పట్టుకుని ఆడా మగా నిలబడి ఉంటారు. బండి ఆగగానే చుట్టూ మూగుతారు. పది గంటల తర్వాత మళ్లీ వెళ్తే ఆ రోజు పని దొరకనివాళ్లు మిగిలి ఉంటారు. దూరం నుంచి వేలు చూపించడం, ఫొటో తీయడం వద్దు. టీ తాగే నెపంతో నిలబడి నాలుగు మాటలు మాట్లాడితే చాలు.

ఇంటికి వచ్చాక అడగాల్సిన ప్రశ్న: యజమాని సాయంత్రం వచ్చినవాడికి కూడా పూర్తి దేనారం, అంటే రోజంతటి కూలి, ఎందుకిచ్చాడు? చిన్నపిల్లలు "అది అన్యాయం" అంటారు. అననివ్వండి. "మరి ఆయన ఇంట్లో పిల్లలకు రాత్రి అన్నం సగమే చాలా?" అని అడిగి ఊరుకోండి. జవాబు మీరే చెప్పేయకండి.

ద్వితీయోపదేశకాండంలో "ఏనాటి కూలి ఆనాడియ్యవలెను" అని ఉంది, సూర్యుడు అస్తమించక ముందే ఇవ్వాలని ఉంది. వారం పని అదే: ఆ వారం ఇంట్లో ప్లంబర్, ఎలక్ట్రీషియన్, కూలీ ఎవరు పనిచేసినా డబ్బు పిల్లల చేత రెండు చేతులతో ఇప్పించండి, బేరం ఆడకుండా, "రేపు రా" అనకుండా. కూరగాయల బండి దగ్గర ఐదు రూపాయల కోసం గీసి గీసి బేరమాడి, మాల్‌లో రాసి ఉన్న ధర నోరెత్తకుండా కట్టడం పిల్లలు చూస్తున్నారని గుర్తుపెట్టుకోండి.

నాలుగో వారం: పరిగె (రూతు 2, లేవీయకాండము 19:9–10)

పొలం ఓరలు పూర్తిగా కోయకూడదు, రాలిన పరిగె ఏరుకోకూడదు, అవి బీదలకు, పరదేశులకు వదిలేయాలి. వరి కోతలయ్యాక పరిగె ఏరుకున్న జ్ఞాపకం మన పల్లెల్లో పెద్దవాళ్లకు ఇంకా ఉంది. మొదటి వారం నోటుబుక్కులో అది వచ్చి ఉంటే ఇక్కడ చదివించండి.

పొలం యజమాని బోయజు ధర్మశాస్త్రం చెప్పినంత చేసి ఆగలేదు. భోజనం వేళ, పరిగె ఏరుకోవడానికి వచ్చిన పరదేశి విధవరాలు రూతును పిలిచి కూర్చోబెట్టాడు, తన చేత్తో పేలాలు అందించాడు. పనివాళ్లతో ఆమెను గద్దించొద్దన్నాడు, పనల్లోంచి కావాలని కొంచెం లాగి పడేయమన్నాడు. ఆమె తన కష్టంతో ఏరుకున్నట్టే ఇంటికి వెళ్లింది, చేయి చాచాల్సిన అవసరం రాలేదు. ఇవ్వడంలో ఇంత మెలకువ ఉంటుందని పిల్లలకు చెప్పండి.

మన నేల మీద కూడా ఇలాంటి చరిత్ర ఉంది. 1876–78 కరువులో ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు పని, కూలి ఇప్పించారు. ఆ కరువు సాయం నడిచినంత కాలం బాప్తిస్మం ఇవ్వలేదు, గంజి కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకె సంఘాల్లో చాలామందికి తెలుసు. అంతకు ముందు ఆయన ఆగిన నెలల గురించి పిల్లలకు చెప్పేవాళ్లు తక్కువ. సాయానికి, చర్చికి రావడానికి ముడిపెట్టకూడదని ఇంతకన్నా బాగా నేర్పే సంగతి లేదు. మెదక్ వెళ్తే, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ చేసిన ఆ పెద్ద చర్చి కూడా కరువు రోజుల్లో జనానికి పని చూపించి అన్నం పెట్టిన కట్టడమని చెప్పండి.

ఈ వారం పని పిడికెడు బియ్యం. అన్నం వండే ప్రతిసారీ ఒక పిడికెడు వేరే డబ్బాలో వేయడం. మిజోరాం సంఘాల్లో వందేళ్లకు పైగా ఇంటింటా ఇది సాగుతోంది, మన సంఘాల్లోనూ అమ్మమ్మల కాలం నుంచి తెలిసిందే. పెద్దవాళ్ల పిడికిలికి సుమారు 50 గ్రాములు అనుకుంటే, రెండు పూటలా వేస్తే నెలకు మూడు కిలోలు. పిడికెడు తీసే పని పిల్లలకు ఇవ్వండి, డబ్బా నిండడం వాళ్ల కళ్లతో చూస్తారు. మనం తినే బియ్యమే అందులో పడాలి. మనం సన్నబియ్యం తింటూ పేదలకు పురుగు పట్టిన రేషను బియ్యం వేయడం బోయజు పద్ధతి కాదు. పాత బట్టలు ఇవ్వాలనుకుంటే ఉతికి, ఇస్త్రీ చేసి, ఊడిన గుండీలు కుట్టి ఇవ్వండి. చిరిగినవి ఇల్లు తుడవడానికి వాడుకోండి.

ఇచ్చేటప్పుడు ఫొటో వద్దు, స్టేటస్ వద్దు, సంఘం గ్రూపులో పెట్టడం అసలు వద్దు. కుడి చెయ్యి చేసేది ఎడమ చేతికి తెలియకూడదన్న యేసు మాట (మత్తయి 6:3) పిల్లలకు కంఠస్థం వస్తుంది కానీ, ఆచరణ వాళ్లు చూసేది మన ఫోన్లోనే.

ఐదో వారం: ఖర్చు పెట్టిన సమరయుడు (లూకా 10:25–37)

దొంగలు కొట్టి పడేసిన మనిషిని ఆదుకున్న సమరయుడి కథ అందరికీ తెలుసు కాబట్టి లెక్క వేయించండి. నూనె, ద్రాక్షారసం, తన వాహనం, ప్రయాణం ఆగిపోవడం, పూటకూళ్ల ఇంట్లో అతన్ని చూసుకోవడం, రెండు దేనారాలు, ఇంకా ఎక్కువైతే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానన్న మాట. సాయం ఒక్క పూటతో అయిపోలేదు, అతను మళ్లీ వస్తానన్నాడు.

హైస్కూలు పిల్లలున్న ఇళ్లకు ఇది మంచి అవకాశం. పేద కుటుంబాలకు డబ్బుకన్నా ఎక్కువగా ఆగిపోయే పని కాగితాల దగ్గర ఉంటుంది. వృద్ధాప్య పింఛను, ఆరోగ్యశ్రీ, స్కాలర్‌షిప్పు, ఆధార్‌లో పేరు తప్పు. ఒక పిల్లవాడు ఒక కుటుంబానికి దరఖాస్తు నింపిపెట్టి, వాళ్లతోపాటు మీసేవకో సచివాలయానికో వెళ్లి క్యూలో నిలబడాలి. అక్కడ "రేపు రండి" అని మూడుసార్లు వినడమే ఒక పాఠం.

ఆరో వారం: బల్ల (లూకా 14:12–14)

విందు చేస్తే తిరిగి పిలవలేనివాళ్లను పిలవమన్నాడు యేసు. పని ఒక్కటే: కాగితంలోని ఒక కుటుంబాన్ని ఆదివారం భోజనానికి పిలవండి. అదే బల్ల, అవే కంచాలు, పాస్టరుగారు వచ్చినప్పుడు వండే కూరే. వాళ్లు ఇతర మతస్థులైతే ఏం తింటారో ముందే అడగండి, సువార్త కరపత్రం చేతిలో పెట్టకండి. వాళ్లు తిరిగి మిమ్మల్ని పిలిస్తే తప్పకుండా వెళ్లండి, పిల్లలతో వెళ్లండి, పెట్టింది తినండి. పిలవడం కన్నా వెళ్లడమే మనవాళ్లకు కష్టం.

పిల్లలు అడిగే కష్టమైన ప్రశ్నలు

"దేవుడు వాళ్లకెందుకు ఇవ్వలేదు?" దీనికి సులువైన జవాబు ఇవ్వకండి. ముఖ్యంగా "వాళ్లకు విశ్వాసం లేదు" అనకండి. నమ్మితే కారు వస్తుంది, ఇల్లు వస్తుంది అనే బోధ పిల్లల చెవిన పడుతూనే ఉంది. దానికి ఎదురుగా లూకా 2:24 చూపించండి. యేసును దేవాలయానికి తెచ్చినప్పుడు మరియ, యోసేపు గువ్వలో పావురపు పిల్లలో అర్పించారు. గొఱ్ఱెపిల్లను తేలేని పేదల అర్పణ అదని లేవీయకాండము 12:8లో ఉంది. దేవుని కుమారుడు పెరిగింది పేద ఇంట్లో. ఇక యాకోబు 5:4 చదవండి, బిగబట్టిన కూలి మొరపెడుతోందని ఉంది. కొందరి పేదరికం వెనక ఇంకొకరి అన్యాయం ఉందని పిల్లలకు చెప్పడానికి భయపడొద్దు.

"సిగ్నల్ దగ్గర అడుక్కునేవాళ్లకు డబ్బులివ్వాలా?" పిల్లలు అడుక్కుంటుంటే డబ్బు ఇవ్వకుండా తినేది ఇవ్వండి, 1098కి ఫోన్ చేయండి. దిక్కులేని వృద్ధుల కోసం 14567 ఉంది. ఈ రెండు నంబర్లూ పిల్లల చేతే రాయించి ఫ్రిజ్ మీద అంటించండి. పెద్దవాళ్ల విషయంలో ఇవ్వాలా వద్దా అన్నది మీరు నిర్ణయించుకోండి. కానీ ఇవ్వకపోయినా ముఖం తిప్పుకోకూడదు, అద్దం ఎత్తేయకూడదు.

ఇంట్లోనే ఇబ్బంది ఉంటే

ఇది చదివేవాళ్లలో చాలామందికి నెలాఖరు గడవడమే కష్టం కావచ్చు. ఈ పద్ధతి మీకు కూడా. సారెపతు విధవరాలు (1 రాజులు 17) చివరి పిండితో ఏలీయాకు అప్పం చేసింది. అయితే ఆ కథ చెప్పి పిల్లల కంచంలో అన్నం తీసేయమని కాదు. మీరిచ్చేది సమయం కావచ్చు, పక్కింటి ముసలమ్మకు బిందెడు నీళ్లు కావచ్చు. మీకు సాయం అందినప్పుడు దాన్ని పిల్లల ముందు సిగ్గుపడకుండా తీసుకుని, ఇచ్చినవాళ్ల కోసం ప్రార్థించండి. తీసుకోవడం కూడా వాళ్లు నేర్చుకోవాల్సిందే.

ఆరు వారాలయ్యాక

బియ్యం డబ్బా ఆపకండి. నెలకోసారి అది ఎవరికి వెళ్లాలో పిల్లలే ప్రతిపాదించాలి, కారణం చెప్పాలి. కాగితాన్ని మూడు నెలలకోసారి తీసి జీతాలు, తేదీలు సరిచూసుకోండి, ధరలు పెరిగాయి కాబట్టి జీతం ఎంత పెంచాలో పెద్ద పిల్లల్ని కూడా కూర్చోబెట్టుకుని మాట్లాడండి. వాళ్ల కుటుంబం ఎంతమంది, ఇంటి అద్దె ఎంత, గ్యాసు ఎంత అని లెక్క వేస్తే, ఐదు వందలు పెంచుదామా వెయ్యి పెంచుదామా అన్నది పిల్లలే తేల్చేస్తారు. సాధారణంగా మీరు అనుకున్నదానికన్నా ఎక్కువే చెబుతారు. వీలైతే వాళ్లు చెప్పినంతే ఇవ్వండి.